సీసపు అక్షరాలు

రేకు పెట్టె మూత తీయగానే వాసన గుప్పుమంది. కిరసనాయిలు, అచ్చుసిరా, తుప్పు కలిసిన వాసన. పాత వాషర్‌మన్‌పేటలో ఒక ఇరుకింటి ముందుగదిలో చాప మీద కూర్చుని ఉన్నాను. ఒకప్పటి నా విద్యార్థి ఇల్లు అది. ముందు రోజే అతని పెద్దకర్మ అయింది. “ఇవి మీకు చూపించాలని చాలాసార్లు అనేవారు సార్” అంటూ అతని భార్య పెట్టెను నా ముందుకు జరిపింది. పాత ధోవతి ముక్కలో చుట్టిన, అచ్చుకు అక్షరాలు పేర్చే కంపోజింగ్ స్టిక్కు, అగ్గిపెట్టెల్లో పోసి దాచిన సీసపు అక్షరాలు, అడుగున అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి. నేను దేన్నీ ముట్టుకోలేదు. ఆ వాసన దగ్గరే ఆగిపోయాను.

అచ్చాఫీసులతో నాకు పెద్ద పరిచయం లేదు. ఆ వాసన నాకు తరగతి గదిలో తెలుసు. పగలు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా పనిచేసి, సాయంత్రం ఆరు గంటల తరగతికి వచ్చి, కిటికీ పక్కన రెండో బల్ల మీద కూర్చునేవాడు అతను. సబ్బుతో ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. పుస్తకం తిప్పితే పేజీ మూలన వేలిముద్ర పడేది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పేరు చూడకుండానే అతని కాగితం ఏదో నాకు తెలిసిపోయేది.

*

మద్రాసులో ఒక సాయంకాలపు కళాశాలలో చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. పగలు అదే భవనంలో వేరే పిల్లలు, వేరే మాస్టార్లు. వాళ్లు వెళ్లిపోయాక నల్లబల్ల మీద వాళ్ల లెక్కలు అలాగే మిగిలి ఉండేవి. వాటిని తుడిచి ఒక పద్యం రాయడంతో నా రోజు మొదలయ్యేది. డిగ్రీ చదువులో మొదటి భాగం భాష. తమిళం బదులు తెలుగో హిందీయో ఫ్రెంచో తీసుకోవచ్చు. అందుకని బి.కాం. వాళ్లు, చరిత్ర వాళ్లు, ఆర్థికశాస్త్రం వాళ్లు అందరూ ‘పార్ట్ వన్ తెలుగు’ అనే పేరుతో నా గదికి వచ్చేవారు.

సాహిత్యం కోసం కళాశాలలో చేరినవారు అందులో ఒక్కరూ లేరు. షావుకారుపేట గోడౌన్ వీధిలో బట్టల కొట్టు లెక్కలు రాసేవాడు ఒకడు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్ ఒకడు. కోడంబాక్కం స్టూడియోల్లో లైట్లు మోసేవాడు ఒకడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసే అమ్మాయి ఒకతె. డిగ్రీ ఉంటే ఉద్యోగంలో ఒక మెట్టు పైకి వెళ్లవచ్చని వచ్చినవాళ్లే అందరూ. పొద్దున్నించీ నిలబడి పనిచేసి, కళాశాల గేటు ముందు ఒక బన్ను, ఒక టీ తాగి వచ్చి కూర్చునేవారు. అటువంటివాళ్లకు నిద్ర రావాలి. రాలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మా గది కిటికీకి ఎదురుగా రైలు పట్టాలు ఉండేవి. బీచ్ నుంచి తాంబరం పోయే మీటర్‌గేజి ఎలక్ట్రిక్ బండి వచ్చిందంటే నా గొంతు వినపడేది కాదు. పద్యం ఎక్కడ ఉంటే అక్కడ ఆపేసేవాణ్ణి. బండి వెళ్లిపోయాక నేను నోరు తెరిచేలోపే ఎవరో ఒకరు ఆగిన చోటి నుంచి అందుకునేవారు. మొదట్లో ఒకరిద్దరు. సంవత్సరం గడిచేసరికి తరగతి తరగతంతా. కొన్నిసార్లు ఆ ఆనందం కోసమే బండి వచ్చే వేళకు పద్యం మధ్యలో ఉండేలా చూసుకునేవాణ్ణి.

వాళ్లకు ఒకటే బెంగ. “మాది అరవ తెలుగు సార్” అనేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కొందరికి తెలుగు చదవడం వచ్చు, రాస్తే తప్పులు. కొందరు బడిలో తమిళమే చదివి, తెలుగు అక్షరాలు తాతల దగ్గర నేర్చుకున్నవారు. విజయవాడ నుంచో గుంటూరు నుంచో చుట్టాలు వస్తే వీళ్ల మాటలు విని నవ్వేవారట. అందుకని తరగతిలో నోరు తెరవడానికి సిగ్గు. ఆ సిగ్గు పోగొట్టింది నేను కాదు. పోతన.

*

ఆ సాయంత్రం గజేంద్రమోక్షం మొదలుపెట్టాను. పద్యం అందరికీ చెవిన పడిందే. నల్లబల్ల మీద నాలుగు పాదాలూ రాశాను.

అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దా
పల మందారవనాంతరామృతసరఃప్రాంతేందుకాంతోపలో
త్పలపర్యంకరమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వలనాగేంద్రము పాహి పాహి యన గుయ్యాలించి సంరంభియై

సుద్దముక్క కింద పెట్టి వెనక్కి తిరిగేసరికి కంపోజిటర్ నిలబడి ఉన్నాడు. చేరిన ఆరు నెలల్లో అతను నోరు విప్పడం అదే మొదలు.

“ఈ పద్యం నేను కంపోజ్ చేశాను సార్. ఒక అనుమానం ఉంది. ‘దా’ ఒక పాదం చివర, ‘పల’ ఇంకో పాదం మొదట. ‘లో’ ఇక్కడ, ‘త్పల’ అక్కడ. ‘వి’ ఇక్కడ, ‘హ్వల’ అక్కడ. నాలుగు పాదాల్లో మూడు చోట్ల మాట విరిగింది. మామూలు పుస్తకంలో నేను ఇలా విరిస్తే ఫోర్‌మన్ తిడతాడు. కవిగారిని ఎవరూ ఏమీ అనలేదా?”

అంత మంచి ప్రశ్న నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. యతి ప్రాసలు పాఠంగా చెప్పాలంటే ఒక గంట పడుతుంది, విన్నవాడికి గుర్తుండదు. అతను అడిగిన చోటే జవాబు ఉంది. “ప్రతి పాదంలో రెండో అక్షరం చదువు” అన్నాను. అతను బల్ల దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించాడు. అల. పల. త్పల. హ్వల. నాలుగు చోట్లా ‘ల’. వేలు నాలుగో ‘ల’ మీద ఉండగానే అతని ముఖం మారింది. “అయితే విరగలేదు సార్. అక్కడ అలా కూర్చోబెట్టారు” అన్నాడు. ప్రాసకు అంతకంటే మంచి నిర్వచనం నేను ఏ లక్షణ గ్రంథంలోనూ చదవలేదు.

గోడౌన్ వీధి గుమాస్తా ఊరుకుంటాడా? వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టాడు. ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై. గురువులూ లఘువులూ గుర్తులు పెట్టి స, భ, ర, న, మ, య, వ అని గణాలు విడదీశాడు. నాలుగు పాదాల లెక్కా ఒకటే అయ్యేసరికి, రోజంతా కుదరని ఖాతా సాయంత్రానికి కుదిరినట్టు నిట్టూర్చి వెనక్కి వాలాడు. ఆ ఛందస్సు పేరు మత్తేభం అని, మత్తేభమంటే మదించిన ఏనుగు అని చెప్పాను. ఏనుగు కథకు ఏనుగు నడక! తరగతంతా ఒక్కసారి ‘ఆ’ అంది.

తర్వాత ప్రతిపదార్థం. ‘దాపల’ దగ్గరికి వచ్చాం. నా దగ్గరున్న వ్యాఖ్యలో ‘సమీపమున’ అని ఉంది. అదే చెప్పి ముందుకు పోబోయాను. వెనక బల్ల నుంచి కోచ్ ఫ్యాక్టరీ అప్రెంటిస్ చెయ్యి ఎత్తాడు. అతనిది తిరుత్తణి దగ్గర ఒక పల్లె. 1960లో సరిహద్దులు సవరించినప్పుడు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చిన ప్రాంతం అది. రోజూ రైల్లో వచ్చి పోయేవాడు.

“మా తాత దాపల ఎద్దు అంటాడు సార్. బండికి ఎడమ పక్కన కట్టేది దాపల ఎద్దు, కుడి పక్కన కట్టేది వలపల ఎద్దు. దాపల అంటే ఎడమ కాదా?”

నిఘంటువు తెప్పించి చూశాం. ఎడమ పక్క. అతను చెప్పిందే నిజం. వ్యాఖ్యాతల్లో కొందరు దగ్గర అని, కొందరు ఎడమవైపు అని చెబుతారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా చేతిలోని వ్యాఖ్య కంటే తిరుత్తణి తాత మాటే తరగతికి ప్రమాణమైంది. అప్రెంటిస్ కూర్చోలేదు. “మా తాత మాట పోతన పద్యంలో ఉందా సార్?” అని రెండోసారి అడిగాడు. ఉంది అన్నాను. “ఐతే మాది అరవ తెలుగు కాదు” అని, నాతో కాదు, పక్కవాడితో మెల్లగా అన్నాడు.

ఆ మాటతో గది తెరుచుకుంది. ‘కుయ్యి’ అంటే మొర అనగానే ఒకరు “కుయ్యో మొర్రో అంటుంది మా అవ్వ” అన్నారు. టెలిఫోన్ అమ్మాయి అందుకుంది. “మా పనే అది సార్. ఊళ్లో అమ్మకు బాగాలేదని ట్రంక్ కాల్ అడిగేవాళ్ల గొంతు వినగానే తెలిసిపోతుంది. మాటలు వినక్కర్లేదు. కుయ్యాలించడం అంటే అదే కదా?” అదే. ఆలించడమంటే చెవితో వినడం మాత్రమే కాదని నేను అరగంట చెప్పినా అంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి. వైకుంఠంలో ఉన్నవాడు ఏనుగు మాటలు వినలేదు, గొంతు విన్నాడు.

మిగిలింది ఆ పెద్ద సమాసం. ‘మందార’ దగ్గర మొదలై ‘వినోది’ దగ్గర గాని ఆగదు. దాన్ని విడదీయడానికి కంపోజిటర్‌నే పిలిచాను. ఆ సమాసంతో తన బాధ చెప్పాడు. ‘సరః’కు విసర్గ అక్షరం పెట్టెలో అయిపోతే రెండు చుక్కల గుర్తు పెట్టి సరిపుచ్చాడట. ఒక ప్రకటనలో పద్యాన్ని సన్నటి కాలమ్‌లో పెట్టవలసి వచ్చి, ఎక్కడ తెంపాలో తెలియక ‘ప్రాంతేం’ దగ్గర ఒకసారి, ‘దుకాం’ దగ్గర ఒకసారి తెంపాడట. అతను సుద్ద పట్టుకుని మొదలుపెట్టాడు. మందార, వన, అంతర, అమృత, సరః, ప్రాంత, ఇందుకాంత, ఉపల, ఉత్పల, పర్యంక, రమా, వినోది. ఒక్కొక్క మాట మధ్య గీత గీస్తూ పోయాడు. మందార చెట్ల తోట, ఆ తోట లోపల అమృతపు కొలను, కొలను ఒడ్డున చంద్రకాంత శిలలు, వాటి మీద కలువల పాన్పు, ఆ పాన్పు మీద లక్ష్మితో ఆయన. పెద్ద గేటు నుంచి ఒక్కొక్క వాకిలీ దాటి లోపలి గదికి వెళ్లినట్టు ఉంది ఆ వరస. చివరి గీత గీసి, చేతికి అంటిన సుద్దను చూసుకున్నాడు. నల్లటి వేళ్ల మీద తెల్లటి పొడి.

“ఇన్నాళ్లూ తలుపులు మూసి ఉన్న ఇంటిని మోశాను సార్” అన్నాడు.

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. వాచ్‌మన్ వచ్చి రెండుసార్లు దీపాలు ఆర్పి వెలిగించాక గాని మేం మెట్లు దిగలేదు.

*

ఆ తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం వాళ్లను చేపాక్‌లోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి తీసుకెళ్లాను. 1869 నాటి సంస్థ అది. మెకంజీ దొర, బ్రౌన్ దొర సేకరించిన తెలుగు రాతప్రతులు అక్కడికే చేరాయి. అప్పట్లో విశ్వవిద్యాలయం ఆవరణలో ఉండేది. లోపలికి అడుగుపెడితే నిమ్మగడ్డి నూనె వాసన. తాటాకులకు ఆ నూనె పూసి ఆరబెట్టేవారు.

ఉద్యోగి ఒక కట్ట విప్పి రెండు ఆకులు చూపించాడు. కంపోజిటర్ వంగి, కళ్లు చిట్లించి, చాలాసేపు చూశాడు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు. పద్యానికీ వచనానికీ తేడా లేదు. ఆకు అంచు దాకా అక్షరాలే.

“వీళ్లకు విరిచే బాధ లేదు సార్. ఆకు అయిపోయే దాకా రాసుకుంటూ పోవడమే. ఎక్కడ ఆగాలో చదివేవాడి నాలుకకు తెలియాలి.”

నేను వాళ్లను తీసుకెళ్లింది తాళపత్రాలు చూపించడానికి. అతను చూసింది చదవడం అంటే ఏమిటో. సోమవారం నుంచి తరగతిలో ఒక పద్ధతి మొదలైంది. కొత్త పద్యం నల్లబల్ల మీద ఖాళీలు లేకుండా రాసేవాణ్ణి. ఒక్కొక్కరూ వచ్చి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ చుక్క పెట్టాలి. చుక్క తప్పితే అర్థం తప్పుతుంది. తప్పిన చోట పెద్ద వాదన. ఆ వాదనల్లోనే సంధులూ సమాసాలూ వాళ్లకు వచ్చేశాయి. బజారు నోట్సు కొనేవాళ్లు ఆ గదిలో క్రమంగా తగ్గిపోయారు.

*

ఇంకొక విద్యార్థి ఉండేవాడు. ఎప్పుడూ తలుపు పక్కన చివరి బల్ల. తల్లి వీధులు ఊడ్చే పని చేసేది. ఒంగోలు వైపు నుంచి రెండు తరాల కింద వచ్చిన కుటుంబం. వాళ్ల కాలనీ అంతా తెలుగువాళ్లే. హాజరు పలికినప్పుడు తప్ప అతని గొంతు వినలేదు.

జాషువా గబ్బిలం పాఠం వచ్చింది. 1941లో వచ్చిన కావ్యం. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన ఆకలి కథ శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుళ్లోకి ఎవరినీ అడగకుండా వెళ్లగలిగేది అదొక్కటే కనుక. ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక భయం ఉంటుంది. గొంతు పెంచితే అబద్ధంలా ఉంటుంది, తగ్గిస్తే తప్పించుకున్నట్టు ఉంటుంది. ఆ రోజు నేను చదవలేదు. ఎవరు చదువుతారు అని అడిగాను. చివరి బల్ల నుంచి అతను లేచాడు.

బాగా చదివాడని చెప్పలేను. ఒత్తులు తడబడ్డాయి. రెండు చోట్ల ఆగిపోయాడు. కాని పొలంలో రెక్కలు ముక్కలు చేసుకునేవాడికే తిండి లేదని చెప్పే పద్యం దగ్గర అతను తలెత్తి, పుస్తకం చూడకుండా, మమ్మల్ని చూస్తూ చెప్పాడు. అప్పటికే కంఠతా వచ్చన్నమాట. బండి వచ్చింది, వెళ్లింది. అతను ఆపలేదు. వినపడకపోయినా మేం అందరం వింటూనే ఉన్నాం.

తరగతి అయ్యాక పుస్తకం ఇంటికి తీసుకెళ్లవచ్చా అని అడిగాడు. వారం తర్వాత తిరిగి తెచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక వాళ్ల వాకిట్లో దీపస్తంభం కింద తల్లికీ ఇరుగుపొరుగుకూ చదివి వినిపించాడట. అర్థం తెలియని మాటలు నా పద్ధతిలోనే చుక్కలు పెట్టి విడదీసి చెప్పాడట. “అంతా విని, మా అమ్మ ఒకటే అడిగింది సార్. గబ్బిలం వెళ్లి చెప్పిందా, ఆయన ఏమన్నాడు అని.”

ఆ ప్రశ్నను నేను తరగతికి ఇచ్చేశాను. ఆ సాయంత్రం ఒక్కరూ ఇంకొకరి మాట వినిపించుకోలేదు. అందరికీ చెప్పవలసింది ఉంది. గుడి గురించి, కాలనీ నీళ్ల కుళాయి గురించి, కొట్టులో ఎవరికి ఏ గ్లాసులో టీ ఇస్తారో దాని గురించి. పరీక్షలో గబ్బిలం మీద ప్రశ్న వచ్చింది. ఆ ఏడాది ఆ జవాబులు దిద్దుతుంటే మార్కులు వేయడానికి నాకు చేతులు రాలేదు.

*

శుక్రవారాలు ఒక్కోసారి మెరీనాకు నడిచేవాళ్లం. సుండల్ పొట్లాలు, చల్లగాలి, దూరంగా దీపస్తంభం వెలుతురు. 1968లో ప్రపంచ తమిళ మహాసభల సమయంలో నిలిపిన కవుల విగ్రహాలు రోడ్డు పొడవునా ఉంటాయి. అవ్వైయార్ దగ్గర, తిరువళ్లువర్ దగ్గర ఆగి, తమిళం బాగా వచ్చిన పిల్లలు నాకు కురళ్ చెప్పేవారు. నేను విద్యార్థిని అయ్యేవాణ్ణి. ఈ ఊళ్లో తెలుగు చెప్పడంలో ఆ సుఖం ఉంది. ఒక చెవిలో పోతన, ఒక చెవిలో వళ్లువర్.

ఒకసారి వాళ్లకు రోడ్డవతల ప్రెసిడెన్సీ కళాశాల ఎర్ర భవనం చూపించాను. ఆ కళాశాల ఈ భవనంలోకి రాకముందే అక్కడ తెలుగు పండితుడుగా పనిచేసినవాడు పరవస్తు చిన్నయసూరి. 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం. మనం సంధి సూత్రాలు వల్లించేది ఆయన పుణ్యమే. ఈ ఊళ్లోనే వావిళ్లవారు కావ్యాలు అచ్చువేశారు. భారతి పత్రిక 1924లో ఇక్కడే పుట్టింది, చందమామ 1947లో ఇక్కడే పుట్టింది. మీరు పరాయి ఊళ్లో తెలుగు చదవడం లేదు అని చెప్పాలనుకున్నాను. చెప్పనక్కర లేకపోయింది. కంపోజిటర్ ఇంకెక్కడో ఉన్నాడు. “బాలవ్యాకరణం మొదటిసారి కంపోజ్ చేసినవాడు ఎవరో సార్. ఆ ఒత్తులన్నీ పట్టి పెట్టడానికి ఎన్నాళ్లు పట్టిందో” అన్నాడు. అతని తర్వాత చాలామందికి చిన్నయసూరి గురించి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ పేరు తెలియని ఆ కంపోజిటర్ కూడా నాకు గుర్తొస్తాడు.

1983 జూన్‌లో శ్రీశ్రీ ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆ సాయంత్రం నేను తరగతిలోకి వెళ్లేసరికి నల్లబల్ల శుభ్రంగా తుడిచి ఉంది. ఎవరో ఆయన పేరు మాత్రం రాశారు. పాఠం చెప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి, తమకు వచ్చిన కవిత చెప్పి కూర్చున్నారు. లైట్లు మోసే అబ్బాయికి అంత సాహిత్యం వచ్చని ఆ రోజే తెలిసింది. గంటసేపు నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా ఉద్యోగంలో నేను చెప్పిన తరగతులన్నిటిలో నాకు ఎక్కువ గుర్తున్నది నేను నోరు మెదపని ఆ తరగతే.

*

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. అచ్చాఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. సీసం తూకానికి అమ్మేశారు. పాత పుస్తకాల కోసం మేం తిరిగిన మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. మీటర్‌గేజి పట్టాలు తీసేసి పెద్ద పట్టాలు వేశారు. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికొక తరగతిగా అమలైంది. అమ్మభాష నేర్చుకున్న పిల్లలు బడి దాటి కళాశాలకు వచ్చే దారి సన్నబడింది. నా చివరి ఏళ్లలో పార్ట్ వన్ తెలుగుకు ఒక బల్ల నిండేది. ఆ ఒక్క బల్లకూ అంతే ఇష్టంగా చెప్పాను. అడిగేవాడు ఒక్కడుంటే చాలు, గది నిండినట్టే ఉంటుంది నాకు.

కంపోజిటర్ కంప్యూటర్ నేర్చుకున్నాడు. ప్రూఫులు దిద్దడంలో అతనికి సాటి లేరని ప్రెస్సులో అనేవారట. ఏడాదికి ఒకసారి, గురుపూజ రోజున, ఫోను చేసేవాడు. క్షేమసమాచారాలు రెండు ముక్కలు. తర్వాత ఒక పద్యం. ఏదో ఒక మాట దగ్గర ఆపి, “ఇక్కడ చుక్క పెట్టాలా సార్?” అని అడిగేవాడు. పోయిన ఏడాది ఫోను రాలేదు. నేనైనా చేయవలసింది. చేయలేదు.

*

అతని భార్య కాఫీ తెచ్చింది. స్టిక్కు గుడ్డ విప్పాను. అందులో ఒక వరస అక్షరాలు పేర్చి, కదలకుండా దారంతో కట్టి ఉంది. కళ్లద్దాలు సర్దుకున్నా నాకు అంతుపట్టలేదు. సీసపు అక్షరం కుడి ఎడమలు మారి ఉంటుంది కదా. వెలుతురుకు తిప్పి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటుంటే, తలుపు దగ్గర నిలబడిన మనవరాలు చెప్పేసింది.

“అది ‘అల వైకుంఠపురంబులో’ తాతా.”

ఎనిమిదేళ్లుంటాయి. చదవడం వచ్చా అని అడిగాను. తెలుగు చదవడం రాదట, బడిలో లేదట. తాత నోటితో చెప్పాడట. చెప్పు అన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టింది. మందార దగ్గర ఊపిరి తీసుకుని, వన, అంతర, అమృత అని ఎక్కడా తొట్రుపడకుండా, ఉండవలసిన చోటల్లా ఆగుతూ, వినోది దాకా వెళ్లింది. ఎవరో వెనక నిలబడి చుక్కలు పెడుతున్నట్టే ఉంది. వాళ్లమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్యం పూర్తి చేసి, “నాకొక అనుమానం ఉంది తాతా” అంది.

“అడుగమ్మా.”

“దాపల అంటే ఎడమ అని తాత చెప్పాడు. ఎద్దుకు ఎడమ, బండి తోలే ఆయనకూ ఎడమే, ఇద్దరూ ఒకే వైపు చూస్తారు కాబట్టి. మరి మేడకు ఎడమ అంటే ఎవరి ఎడమ? మేడలోంచి బయటికి చూసేవాళ్లకా, బయట నిలబడి మేడను చూసేవాళ్లకా? తాతను అడిగితే, మా సార్ వస్తారు, ఆయన్ను అడుగు అన్నాడు.”

ఆ పద్యం ఎన్ని ఏళ్లు చెప్పానో లెక్క లేదు. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, చాప మీద నుంచి లేచాను.

“ఇలా రా. ఆ గోడకు వీపు ఆనించి నిలబడు” అన్నాను. “నువ్వే ఆ మేడవనుకో.”